తొట్టికి ఎడమ పక్కన ఏడు జింకలు

డిగ్రీలో కప్పను కోసి చూసినవాణ్ని నేను. ప్రొద్దుటూరు కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్స్‌లో దాని గుండె, కాలేయం, పేగులు అన్నీ కనిపించాయి. ఆత్మ మాత్రం కనిపించలేదు. రికార్డు పుస్తకంలో దాని బొమ్మ గీసి భాగాలు గుర్తించమని మా మేడం కూడా అడగలేదు. దయ్యాల గురించి నా అభిప్రాయం అప్పుడే స్థిరపడింది.

కాబట్టి ఇందులో తెల్లచీర, గజ్జెల చప్పుడు, అర్ధరాత్రి వెతకొద్దు. ఇది ఉదయం ఏడున్నరకు, మంచి వెలుతురులో జరిగింది. ఇద్దరం చూశాం. విడివిడిగా రాసుకున్నాం. ఆ రెండు కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. అవి లేకపోతే ఎండదెబ్బ అనుకుని ఈపాటికి మర్చిపోయేవాణ్ని.

డిగ్రీ అయ్యాక కొన్నేళ్లు ఖాళీగా తిరిగి, చివరికి ఒక ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వైపు నల్లరేగడి పొలాల్లో తిరిగే కృష్ణజింకలను తరచూ లెక్కపెట్టడం, ఎండాకాలంలో వాటికి నీళ్లు ఉండేలా చూడడం మా పని. మా చిన్నాన్న పెళ్లి సంబంధాల వాళ్లకు నన్ను ‘వైల్డ్ లైఫ్‌లో ఉన్నాడు’ అని పరిచయం చేసేవాడు. వాళ్లు ఏమని అర్థం చేసుకున్నారో తెలియదు. మళ్లీ రాలేదు.

నాకు అప్పగించిన చోటు తెల్లమిట్ట. చుట్టూ శనగ పొలాలు, మధ్యలో సాగుకు పనికిరాని రాళ్ల మిట్ట, దాని మీద కాస్త బోద గడ్డి. జింకలు పగలు మిట్ట మీద ఉండేవి. శనగ చేను పచ్చగా ఉన్నన్నాళ్లూ పొలాల్లోకి దిగేవి. రైతులకు అవంటే గిట్టదు. గిట్టకపోవడానికి కారణం ఉంది, అవి మేసేది వాళ్ల చేనే. నేను మోటారు సైకిల్ ఆపితే చాలు, ‘మీ జింకలు వచ్చినాయి, తోలుకపో’ అనేవాళ్లు. నేనేదో వాటిని పొలాల మీదికి తోలినట్టు.

మా లెక్కకు ఒక పద్ధతి ఉంది. అది ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే తర్వాత అదే నన్ను చిక్కుల్లో పడేసింది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు వినపడనంత దూరంలో కూర్చోవాలి. ఎవరి దుర్భిణీ వాళ్లది, ఎవరి కాగితం వాళ్లది. పోతులెన్ని, ఆడవెన్ని, పిల్లలెన్ని అని రాయాలి. పక్కన గమనికలు అని ఒక గడి. ఒకరి కాగితం ఒకరు చూసుకోకూడదు. మూడుసార్లు లెక్కపెట్టి, మందను ఫొటోలు తీసి, అంతా అయ్యాకే కలిసి పోల్చుకోవాలి. ఒకరి కళ్లు ఇంకొకరి లెక్కను చెడగొట్టకుండా ఈ ఏర్పాటు.

ఆ మందలో పిల్లలు కాక ముప్పై నాలుగు ఉండేవి. వాటికి పెద్ద ఒక నల్లపోతు. దాని ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉండేది. మిగతా పోతులు రెండు కొమ్ములతో చేసే పెత్తనం ఇది ఒకటిన్నర కొమ్ముతో చేసేది.

మిట్టకు తూర్పున ఒక రైతు మోటారు దగ్గర ఓబుళయ్య గొర్రెలకు నీళ్లు పెట్టేవాడు. అరవై దాటిన మనిషి. వాళ్ల ఇంటి పేరే గొర్రెలోళ్లు. రాత్రుళ్లు మందను ఆ రైతు పొలంలో కట్టేవాడు. పొలానికి ఎరువు దక్కేది, ఈయనకు మోటారు నీళ్లు దక్కేవి. అక్కడ నాలుగు రాతి తొట్లు వరసగా ఉండేవి. గొర్రెలు మూడింట్లోనే తాగేవి. మంద వెళ్లిపోయాక ఓబుళయ్య నాలుగోది కడిగి, నిండా నీళ్లు పట్టి, కుక్కలను తీసుకుని వెళ్లిపోయేవాడు.

మొదటిసారి చూసినప్పుడు అడిగాను. “ఆ తొట్టి ఎవురిది మామా?”

గడ్డంతో మిట్ట వైపు చూపించాడు. “వాటిది.”

“ఎవురు పొయ్యమన్యారు?”

“మా నాయన పోస్తాండె. నేను పోస్తాండా. ఎవురన్నా వద్దంటే గదా అడగాల్సింది.”

ఆయనకు ఎన్ని గొర్రెలున్నాయో ఎప్పుడూ చెప్పలేదు. లెక్కపెడితే తగ్గిపోతాయని వాళ్లలో నమ్మకం. లెక్కపెట్టడమే ఉద్యోగంగా ఉన్న నాకు అది కాస్త అవమానంగా తోచింది.

“మరి ఒగటి తప్పిపోతే ఎట్ల తెలుస్తాది మామా?”

“నువ్వు అన్నానికి కూసున్యప్పుడు మీయమ్మ ఇంట్లో లేకపోతే, లెక్కేసి తెలుసుకుంటావా?”

 ఆ రోజు నుంచి ఆయన నన్ను ‘లెక్కల సారూ’ అని పిలవడం మొదలుపెట్టాడు. అందులో గౌరవం పాలు ఎంతో నేను కొలవలేదు.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. గొర్రెలు తాగే చోటే అడవి జంతువులు తాగితే వీటి రోగాలు వాటికి అంటుకునే ప్రమాదం ఉందని చదివాను. అది అబద్ధం కాదు. పుస్తకం తప్పు ఏమీ లేదు. రెండు ఫొటోలు, ఒక పటం జతచేసి నివేదిక రాశాను. జింకలకు మిట్ట పడమర వైపు వేరే సిమెంటు తొట్టి కట్టాలని, ట్రాక్టరు ట్యాంకరుతో రోజు మార్చి రోజు నింపాలని, నాలుగో రాతి తొట్టి మూసేయాలని సూచించాను. మా ఆఫీసరు దాన్ని చదివి, నన్ను కూర్చోమన్నాడు. అప్పటిదాకా ఆ గదిలో నేను కూర్చోలేదు.

వేసవి మొదట్లో సిమెంటు తొట్టి తయారైంది. నాలుగో తొట్టిలో మట్టి నింపించాం. ఆ పనికి ఓబుళయ్యే పార తెచ్చి ఇచ్చాడు.

“ఇంగ నువ్వు పోస్తావా నీళ్లు?” అన్నాడు.

“ట్యాంకరు పోస్తాది మామా.”

“ట్యాంకరుకు దప్పిక తెలుస్తాదా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. “సూడప్పా, జంతువులకు ఒగసారి అలవాటు చేస్తే తప్పగూడదు. రెండు దినాలు నీళ్లు లేకపోతే అవి వాసన పట్టుకోని ఆ పక్క పాత బాయికాడికి పోతాయి. దానికి గోడ ల్యాదు. గట్టు ఇరిగిపోయి జారతాండాది. నేనే గొర్రెల్ని ఆడికి పోనీను.”

ఆ బావి నాకు తెలుసు. ఎద్దులతో నీళ్లు తోడిన కాలం నాటి కపిల బావి. అడుగున పచ్చటి నీళ్లు నడుము లోతు ఉండేవి. బావికి గోడ కట్టించాలని నా నివేదికలో రాయలేదు. రాసి ఉంటే పటంలో ఇంకో చుక్క పెట్టాల్సి వచ్చేది, అంతే.

తొట్టి నిండిందని కళ్లతో చూసి రిజిస్టరులో సంతకం చేయాల్సింది నేను. మొదటి నెల రోజులూ నిజంగానే వెళ్లి చూశాను. జింకలు కొత్త తొట్టికి అలవాటు పడ్డాయి. పాత చోటు వైపు వెళ్లడం మానేశాయి.

ఎండలు ముదిరాక పులివెందులలో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి వచ్చింది. వెళ్లేముందు రాబోయే రెండు తడవలకు కూడా సంతకాలు పెట్టేశాను. మన దగ్గర ముందుగా సంతకం పెట్టడాన్ని తప్పు అనరు. ముందుచూపు అంటారు. ట్రాక్టరు అతనికి ఫోన్ చేసి చెప్పాను. ‘నువ్వు పెండ్లి సూసుకోన్నా, నేనుండా గదా’ అన్నాడు. పెళ్లిలో నాలుగు రోజులు ఉన్నాను. ఫోను జేబులోనే ఉంది. ఆ నాలుగు రోజుల్లో దాంతో వంటమనిషికి, బ్యాండు వాళ్లకు, తొండూరు నుంచి రావాల్సిన చుట్టాలకు ఫోన్లు చేశాను. ట్రాక్టరు అతనికి చేయలేదు.

అతని ట్రాక్టరు ఇంజను మొదటి రోజే చెడిపోయిందట. నాకు చెబితే పెళ్లిలో ఇబ్బంది పడతానని చెప్పలేదట. ఇంత మర్యాద మా ప్రాంతంలో అరుదు.

ఐదో రోజు పొద్దున ఆ రైతు ఫోన్ చేశాడు. బావిలో జింకలు పడ్డాయని.

నేను వెళ్లేసరికి ఓబుళయ్య నడుముకు తాడు కట్టుకుని బావిలో ఉన్నాడు. పైన నలుగురు తాడు పట్టుకున్నారు. నీళ్లకు దిగబోయి ముందుది జారింది, వెనకవి దాని వెంట వెళ్లాయి. అప్పటికి ఐదింటిని పైకి తీసి గట్టు మీద పడుకోబెట్టారు. ఆరోది విరిగిన కొమ్ము పోతు. దాన్ని పైకి లాగేటప్పుడు నేనూ తాడు పట్టుకున్నాను. ఏడోది ఒక ఆడది, బతికే ఉంది. దాన్ని ఓబుళయ్య భుజాన వేసుకుని తెచ్చాడు. తలపాగా తడిపి మూతికి పెట్టాడు. కాసేపటికి అదీ పోయింది.

గుమిగూడిన వాళ్లలో ఒకాయన ‘యేడేనా’ అన్నాడు. ఆ ఏడాది ఆయన శనగ సగం పైన మేశాయి. పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. 

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మా ఆఫీసరు రావడానికి ఇంకా రెండు గంటలు ఉంది. నేను మోటారు సైకిల్ మీద ఊళ్లోకి వెళ్లి ఇంకొకరి ట్యాంకరు మాట్లాడి తెచ్చాను. ఆఫీసరు వచ్చేసరికి సిమెంటు తొట్టి నిండుగా ఉంది. రిజిస్టరులో నా సంతకాలు వరసగా ఉన్నాయి.

“నీళ్లు ఇక్కడుంటే అంత దూరం బావికి ఎందుకు పోయాయయ్యా?” అని ఆఫీసరు అడిగాడు.

ఓబుళయ్య కుక్కలు రెండూ అక్కడే ఉన్నాయి, తడిసిన జింకల చుట్టూ తిరుగుతూ.

“కుక్కలు తరిమి ఉండొచ్చు సార్” అన్నాను.

ఓబుళయ్య వెంటనే చెప్పాడు. “నా కుక్కలు మందకాడ కట్టేసుండె సారూ. బాయిలో అరుపులు ఇని, ఇప్పుకోని వచ్చినా.” ఆఫీసరుకు చెప్తూ నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. నల్లరేగడి ఎండాకాలంలో బాగా బీటలు వేస్తుంది, చూడడానికి చాలా ఉంటుంది.

నేను అన్నది ‘ఉండొచ్చు’ అని. ఫైల్లోకి ఎక్కేసరికి ‘తరిమినందున’ అయింది. ఆ మార్పు నా చేతి రాతలోనే ఉంది. ఓబుళయ్య మంద మిట్ట చుట్టుపక్కలకు రాకూడదని కాగితం ఇచ్చారు. కేసు అవుతుందేమోనని ఆ రైతు భయపడి, మోటారు దగ్గరికి రావద్దన్నాడు. మే నెలలో నీళ్లు లేని గొర్రెల కాపరికి రెండే దారులు: మందతో వలస పోవడం, లేదా దాన్ని అమ్మడం. ఓబుళయ్య మందను అమ్మేశాడు. ఎర్రగుంట్ల దగ్గర లారీలు నిలిపే యార్డులో కాపలాకు కుదిరాడని విన్నాను. నన్ను కలవకుండానే వెళ్లాడు. వెళ్లేముందు కుక్కలను పక్క ఊరిలో ఎవరికో ఇచ్చాడట.

ఆ తర్వాత రెండుసార్లు జింకలను లెక్కపెట్టాం. రెండుసార్లూ ఇరవై ఏడు. ముప్పై నాలుగులోంచి ఏడు పోతే ఎంత ఉండాలో అంతే.

నాతో పాటు లెక్కపెట్టే అతను వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఆ స్థానంలో పులివెందుల నుంచి రఫీ వచ్చాడు. బుద్ధిమంతుడు, మాట తక్కువ. చెప్పిన పని చేసి, చెప్పని పని జోలికి పోని మనిషి. చేరి ఇంకా రెండు వారాలు కాలేదు. తెల్లమిట్ట చూడడం అతనికి అదే మొదలు.

జూన్ చివర్లో మూడో లెక్క. వానలు ఇంకా పడలేదు. తొట్టిని ముందురోజు సాయంత్రం నా కళ్ల ముందే నింపించాను. బావి సంగతి జరిగినప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. పొద్దున ఏడుకల్లా మిట్ట మీద కూర్చున్నాం, రఫీకీ నాకూ మధ్య రెండు వందల అడుగుల దూరం. ఎండ మా వీపు మీద ఉంది. గాలి లేదు. ఎండమావులు లేచే వేళ కాదు అది. ఈ వివరాలన్నీ కాగితం పైన రాసే ఉన్నాయి, నేను ఇప్పుడు కల్పించినవి కావు.

ఏడున్నరకు మంద వచ్చింది. తొట్టి చుట్టూ చేరింది. లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

పొరపాటు అనుకుని మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి ఒక్కొక్కదాని మీద దుర్భిణీ ఆపి, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. ఇంకో మంద వచ్చి కలిసిందేమో అనిపించింది. అలా జరుగుతుంటుంది. మూడోసారి విడివిడిగా చూశాను. తొట్టి దగ్గర ఇరవై ఏడు. తొట్టికి ఎడమ పక్కన, కాస్త ఎడంగా, ఏడు. అవి మందలో కలవలేదు. ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. ఆ ఏడింటిలో ముందున్నది నల్లపోతు. ఎడమ కొమ్ము సగానికి విరిగింది.

నాకు భయం వేయలేదు. వేసిందని చెబితే ఈ కథ బాగుంటుంది గానీ వేయలేదు. కాలేజీలో పరీక్ష రోజున, రాసిందంతా తప్పని మధ్యలో తెలిసినా కలం ఆగదు.  నా చేతులూ అలాగే పని చేస్తూ ఉన్నాయి. గడుల్లో అంకెలు వేశాను. గమనికల గడిలో ఇలా రాశాను: ‘ఏడు ఎడంగా. ఒక పోతు, ఎడమ కొమ్ము విరిగింది.’

ఎనిమిదికి మంద మిట్ట వెనక్కి దిగిపోయింది. రఫీ నా దగ్గరికి వచ్చాడు. నియమం ప్రకారం కాగితాలు మార్చుకున్నాం.

రఫీ కాగితం మీద ముప్పై నాలుగు ఉంది. గమనికల్లో అతని గుండ్రటి అక్షరాలతో: ‘తొట్టికి ఎడమ వైపు 7, విడిగా. పెద్ద మగది, ఒక కొమ్ము సగం లేదు.’

“రఫీ, ఈ కొమ్ము సంగతి నీకు ఎవురన్నా చెప్పినారా?”

“ఎవురు చెప్తారన్నా, ఇప్పుడు సూసినా గదా” అన్నాడు. వింతగా చూశాడు.

బావి ఫైలు చదివి ఉంటాడని నాకు అనుమానం వచ్చింది. తర్వాత ఆ ఫైలు నేనే తిరగేశాను. అందులో ఏడు అన్న అంకె ఉంది. ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, బరువెంత అని ఉంది. కొమ్ము సంగతి ఎక్కడా లేదు. రాయాల్సింది నేను, రాయలేదు.

రఫీ లెక్క అయ్యాక, మంద ఇంకా కదలకముందే, ఆఫీసు కెమెరాతో మందను మూడు ఫొటోలు తీశాడు. అవి తీసేటప్పుడు జింకలన్నీ తొట్టి దగ్గరే ఉన్నాయని, ఎడమ పక్కవి కూడా నిలబడే ఉన్నాయని ఒట్టు వేసి చెప్పాడు. నేనూ అప్పుడు చూస్తూనే ఉన్నాను, ఉన్నాయి. కెమెరా తెరను చేతులు అడ్డం పెట్టుకుని చూశాం. తర్వాత ఆఫీసులో కంప్యూటరు మీద పెద్దది చేసి చూశాం. మూడు ఫొటోల్లోనూ ఇరవై ఏడే. తొట్టికి ఎడమ పక్కన బీటలు వేసిన నేల ఉంది. అంతే.

కిందికి దిగి ఆ చోటు చూశాం. తొట్టి చుట్టూ చిమ్మిన నీళ్లకు తడిసిన మట్టిలో డెక్కల గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఎడమ పక్కన, ఏడూ నిలబడ్డ చోట, మెత్తటి దుమ్ము ఉంది. పిచ్చుక దిగినా గుర్తు పడేంత దుమ్ము. దాని మీద మా చెప్పుల గుర్తులు తప్ప ఏమీ లేవు.

“ఏంది కథ అన్నా? కెమెరాది తప్పా, మనదా?” అన్నాడు రఫీ.

“కెమెరాది కాంట్రాక్టు ఉద్యోగం కాదు. దానికి తప్పు చేయాల్సిన పని లేదు.”

“మరి రిజిస్టరులో ఎంత రాద్దాం?”

కొంచెం సేపు ఆలోచించినట్టు నటించాను. “ఇరవై ఏడు” అన్నాను.

రఫీ అలాగే రాశాడు. అప్పుడు నాకు తట్టింది. మొదటిసారి, చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టాను. ఇప్పుడు చూసినదాన్ని చూడలేదని పెడుతున్నాను. ఇంత నిలకడగా నేను ఏ పనీ చేసి ఎరగను.

ఆ వారం నిద్ర సరిగా పట్టలేదు. దయ్యాల వల్ల కాదు. కళ్లు మూస్తే ఓబుళయ్య తడి తలపాగా పిండుతున్నట్టు కనిపించేది. పదో రోజున ఒక ఉత్తరం రాశాను. సంతకాలు ముందే పెట్టానని, తొట్టి నాలుగు రోజులు ఎండిపోయిందని, బావి దగ్గరికి వచ్చాక నింపించానని, కుక్కల మాట నేను కల్పించిందని రాసి ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన చదివాడు. ఈసారి కూర్చోమనలేదు. ‘ఇది ఇప్పుడెందుకయ్యా’ అన్నాడు. తర్వాత ఉత్తరాన్ని ఫైల్లో పెట్టాడు. ఓబుళయ్య మీద ఉన్న కాగితం రద్దయింది. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగిసింది, పొడిగించలేదు. అది న్యాయమే. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ ట్యూషన్లు చెబుతున్నాను.

ఉత్తరం నకలు తీసుకుని ఎర్రగుంట్ల వెళ్లాను. బస్సు దిగి సిమెంటు దుమ్ములో రెండు కిలోమీటర్లు నడిచాను. యార్డు గేటు దగ్గర వేపచెట్టు కింద నులక మంచం మీద ఓబుళయ్య కూర్చుని ఉన్నాడు. లారీ వస్తే అడ్డంగా కట్టిన వెదురు బొంగు లేపడం, పోయాక దించడం ఆయన పని. నన్ను చూసి లేవలేదు. మంచం మీద కాస్త జరిగాడు.

ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. మధ్యలో రెండు లారీలు వచ్చాయి. రెండుసార్లూ లేచి బొంగు లేపి, వచ్చి కూర్చుని, ‘ఊ, సదువు’ అన్నాడు.

చదవడం అయ్యాక, “ఇది ఎవురికి రాసినావు?” అన్నాడు.

“ఆఫీసుకు మామా.”

“సరే. వాళ్లు సదువుకుంటార్లే.”

“నువ్వు మళ్లా ఆడికి పోవచ్చు మామా. అడ్డమేం లేదు.”

“ఏం తోలుకోని పోవల్ల? ఈ లారీలనా?”

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన ముఖంలో కోపం ఉంటే బాగుండేది. లేదు. తప్పు నాదని తెలిసి కూడా ఆ రోజు ఎందుకు గట్టిగా చెప్పలేదని అడిగాను. “సంతకం నీది. నాది ఏలిముద్ర. ఎవురు ఇంటారప్పా” అన్నాడు.

లేచి వచ్చేసేవాణ్నే. కానీ ఆ పొద్దున చూసింది రఫీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకు చెప్పాను. రెండు కాగితాలూ చూపించాను. ఆయనకు చదవడం రాదు, అయినా రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ఆయన నవ్వుతాడని అనుకున్నాను. నీకు పిచ్చి పట్టింది పో అంటాడని కూడా అనుకున్నాను.

“ఒకటిన్నర కొమ్ముది ముందరుండెనా?” అన్నాడు.

“ఆ, ముందరే.”

“ఒగ ఆడదాని కుడి చెవి చీలింటాది. అది?”

“చూడలేదు మామా.”

ఆయన కాగితాలు నాకు తిరిగి ఇచ్చాడు. తర్వాత, “నీళ్లు తాగినాయా?” అన్నాడు.

“ఎవురు మామా?”

“ఆ యేడూ. తొట్టి నిండా నీళ్లుండె అంటివి గదా. తాగినాయా?”

నేను కాగితాల వైపు చూశాను. మందను దాదాపు అరగంట చూశాను. మూడుసార్లు లెక్కపెట్టాను. కొమ్ము చూశాను, ఎడం చూశాను, ఎండ ఏ వైపు ఉందో, గాలి ఉందో లేదో కూడా రాశాను. అవి తలలు దించాయా, తొట్టి వైపు ఒక్క అడుగైనా వేశాయా అన్నది ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. మా కాగితాల్లో దానికి గడి లేదు.

“తెలియదు మామా” అన్నాను.

 లారీ హారను కొడితే ఆయన లేచి వెళ్లి బొంగు లేపాడు. దాన్ని అలాగే పట్టుకుని, లారీ వెళ్లిపోయాక కూడా కాసేపు నిలబడ్డాడు. నేను వెళ్లొస్తానని చెప్పాను. తల ఊపాడు.

దాని తర్వాత రఫీకి ఫోన్ చేసి ఇదే అడిగాను. అతనూ గమనించలేదన్నాడు. ఫొటోలు మళ్లీ తెప్పించుకుని చూశాను. అందులో ఇరవై ఏడు జింకలు తలలు వంచి నీళ్లు తాగుతున్నాయి.

ఇద్దరు మనుషులు ఒకేసారి, ఒకే చోట, లేని ఏడింటిని ఎలా చూశారో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్న స్నేహితులు కొన్ని కారణాలు చెప్పారు. ఒకటి నాకు సరిపోయింది గానీ రఫీకి సరిపోలేదు. ఇంకొకటి రఫీకి సరిపోయింది, దుమ్ముకు సరిపోలేదు. నేను వాదించడం మానేశాను. దయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెబుతాను. ఓబుళయ్య అడిగిన దానికే నా దగ్గర జవాబు లేదు. అవి దప్పికతోనే వెనక్కి వెళ్లాయేమో.